చైన్‌సా పళ్లకు ఆకురాయితో పదును పెట్టడం ఎలా

చెట్టు కోస్తున్నప్పుడు మిషను కింద పడే పొట్టును ఒకసారి గుప్పిట్లోకి తీసుకుని చూడండి. మామిడి, నిద్రగన్నేరు లాంటి కర్రయితే గోరంత పేళ్లు రావాలి. కొబ్బరయితే పీచుపీచుగా ముక్కలు రావాలి. అలా కాకుండా బియ్యప్పిండిలా మెత్తగా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే చైను మొద్దుబారిందన్నమాట. ఇంకో గుర్తు మీ భుజాలే చెబుతాయి. పదునున్న చైను మిషను బరువుకే కర్రలోకి దిగిపోతుంది. మీరు పైనుంచి నొక్కుతున్నారంటే పదును పెట్టాల్సిన సమయం అప్పటికే దాటిపోయింది.

మా వైపు చాలామంది ఇక్కడే పొరబడతారు. కోత నెమ్మదించగానే "మిషను పవరు తగ్గిపోయిందండి" అంటారు. కార్బొరేటర్ స్క్రూలు తిప్పుతారు, ప్లగ్గు మారుస్తారు, చివరికి షాపుకు పట్టుకెళ్తారు. పదింట తొమ్మిదిసార్లు లోపం ఇంజిన్లో ఉండదు, పళ్లలోనే ఉంటుంది. మొద్దు చైనుతో బలవంతంగా కోస్తే బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి ఉక్కు పలక) వేడెక్కి అరుగుతుంది, పెట్రోలు తాగుతుంది. అంతకన్నా ముఖ్యం, మనిషి అలిసిపోతాడు. అలిసిన చేతుల్లోనే మిషను ఎదురు తంతుంది. అందుకే ఈ పని నేర్చుకోమని ఇంతగా అడుగుతున్నాను.

నేను కూడా మొదట్లో చైను పట్టుకుని టౌనుకు వెళ్లేవాణ్ని. అక్కడ కరెంటు గ్రైండర్ మీద పది నిమిషాల్లో పెట్టి ఇచ్చేవాళ్లు. ఒకసారి ఇంటికొచ్చి చూస్తే పళ్ల కొసలు నీలంగా తిరిగి ఉన్నాయి. ఉక్కు అలా నీలం తిరిగేదాకా వేడెక్కితే దాని గట్టిదనం పోతుంది. ఆ చైను సగం మొద్దు కోసేసరికే మళ్లీ మొండికేసింది. చేతి ఆకురాయితో ఆ భయం లేదు. వేడి పుట్టదు, పంటికి అవసరమైనంతే అరుగుతుంది, పని పొలం గట్టు మీదే అయిపోతుంది. నాకు దీన్ని నేర్పింది మా బాబాయి. ఇద్దరు లాగే కోత రంపంతో దూలాలు కోసిన మనిషి. "ఒరేయ్ నాన్నా, పదును తక్కువైనా ఫరవాలేదురా, రెండు పక్కలా ఒకటేలా ఉండాలి" అనేవాడు. చైన్‌సాకి కూడా అదే మాట వర్తిస్తుంది.

మన నేలలో చైను ఎందుకు త్వరగా పోతుంది

మా గోదావరి డెల్టాలో చైనుకు కర్ర కన్నా మట్టే పెద్ద శత్రువు. లంకల్లో చెట్ల మొదళ్లను చూడండి. 1986 ఆగస్టు వరదైనా, 2022 జూలై వరదైనా నీళ్లు ఎంతవరకు నిలిచాయో అంతవరకు బెరడు పగుళ్లలో ఒండ్రు దూర్చే వెళ్లాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఉక్కు కన్నా గట్టిది. చైను సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతూ ఆ ఇసుకను తాకిందంటే, మీరు ఒక గంటలో పెట్టిన పదును రెండు మూడు సెకన్లలో పోతుంది. పైగా కొబ్బరి మానులో చేవ ఉండేది బయటి అంచున. లోపలికి వెళ్లేకొద్దీ మెత్తన. అంటే మట్టి అంటుకున్న చోటే కర్ర కూడా గట్టిగా ఉంటుంది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమ తోటలు చూసినవాళ్లకు తెలుసు, బురదలో పడి ఉన్న కొబ్బరి చెట్లను ముక్కలు చేయడం ఎంత పనో.

కాబట్టి పదును పెట్టడం కన్నా ముందు పదును కాపాడుకోవడం నేర్చుకోండి. కోసే చోట బెరడును కత్తితో చెక్కేయండి, లేదా బోదె నీళ్లు నాలుగు బకెట్లు కొట్టి కడగండి. పడిపోయిన మాను కింద కొబ్బరి మట్టలో, చిన్న దుంగలో దూర్చి నేల నుంచి లేపండి. అది కుదరకపోతే మూడొంతులు కోసి, మానును దొర్లించి రెండో వైపు నుంచి కోయండి. బార్ ముక్కు నేలను తాకకూడదు, అంతే.

ఏ ఆకురాయి కొనాలి

వడ్రంగులు వాడే ముక్కోణపు ఆకురాయి దీనికి పనికిరాదు. చైన్‌సా కోసమే చేసిన గుండ్రటి ఆకురాయి కావాలి. షాపులో రౌండ్ ఫైల్ అని అడగండి. అది మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు ఉండాలి, కొస సన్నబడితే తీసుకోకండి.

ఎంత లావుదనేది చైను పిచ్ మీద, అంటే పక్కపక్క రివెట్ల మధ్య సగటు దూరం మీద, ఆధారపడి ఉంటుంది. చైను పెట్టె మీద, లేదా బార్ తోక దగ్గర రాసి ఉంటుంది. రాత చెరిగిపోతే స్కేలు తీసుకోండి. వరసగా మూడు రివెట్లలో మొదటిదాని మధ్య నుంచి మూడోదాని మధ్యకు కొలవండి. అందులో సగమే పిచ్, దాన్ని అంగుళాల్లో చెబుతారు. సుమారు 16.5 మిల్లీమీటర్లు వస్తే అది 0.325 పిచ్, దానికి 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 58 సీసీ, 22 అంగుళాల బార్ మిషన్లకు మామూలుగా ఇదే. సుమారు 19 మిల్లీమీటర్లు వస్తే 3/8 పిచ్. అందులో చిన్న మిషన్లకు వచ్చే తక్కువ ఎత్తు చైనుకు 4 మిల్లీమీటర్లది, పెద్ద మిషన్ల చైనుకు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది. పెట్టె మీద కొలత రాసి ఉంటే దాన్నే నమ్మండి. ఒక సైజు అటూఇటూ అయినా పన్ను ఆకారమే మారిపోతుంది.

దీంతోపాటు ఒక పలక ఆకురాయి, రెండింటికీ చెక్క పిడులు, తోలు గ్లవ్స్, ఒక మార్కర్ పెన్ను ఉంటే చాలు. పిడి లేని ఆకురాయి ఎప్పుడూ పట్టుకోకండి, దాని తోక అరచేతిలో దిగుతుంది.

మిషను కదలకూడదు

ఇంజిన్ ఆపండి, చల్లారనివ్వండి, ప్లగ్గు క్యాప్ ఊడదీయండి. కరెంటు మిషనయితే వైరు పీకేయండి. చైనును బ్రష్షుతో, కాస్త కిరోసిన్‌తో శుభ్రంగా తుడవండి. జిడ్డు మీద ఆకురాయి జారుతుంది తప్ప కొరకదు.

ఇంట్లో బెంచి వైస్ ఉంటే బార్‌ను అందులో బిగించండి. పొలంలో అయితే ఒక మొద్దు మీద మిషనుతోనే అరచెయ్యి లోతు గాడి కోసి, ఇంజిన్ ఆపాక బార్ అడుగు అంచును ఆ గాడిలో దించండి. పక్కన చిన్న చెక్క చీలిక కొడితే కదలదు. పై వైపు చైను మాత్రం స్వేచ్ఛగా తిరగాలి. చైనును మామూలు కన్నా కాస్త ఎక్కువ బిగించండి, లేకపోతే పన్ను ఊగుతుంది. పని అయ్యాక మళ్లీ వదులు చేయడం మరిచిపోకండి.

ఒక్క పన్నును దగ్గరగా చూడండి

ఆకురాయి పట్టేముందు ఒక పన్నును ఎండలోకి తిప్పి చూడండి. పైన ఒక రేకు, బయటి పక్కన నిలువుగా ఇంకో రేకు, రెండూ కలిసే ముందు మూల. కోసేది ఆ మూలే. పై అంచు కర్రను పేడులా లేపుతుంది, పక్క అంచు దాన్ని తెంపుతుంది. పదునైన అంచు వెలుతురును తిప్పి కొట్టదు, నల్లటి గీతలా ఉంటుంది. మొద్దుబారిన అంచు గుండ్రంగా అరిగి తెల్లటి సన్న గీతలా మెరుస్తుంది. ఆ తెల్ల గీత మాయమయ్యేదాకా రాయడమే మీ పని. కొంచెమైనా మెరుపు మిగిలితే పదును పెట్టనట్టే.

పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఉంటాయి. దీని వెనక ఒక ముచ్చట ఉంది. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే చెట్లు కొట్టే మనిషి, కర్రను తొలిచే పురుగు పిల్ల తన దవడలతో ఎడమకూ కుడికీ కొరుక్కుంటూ పోవడం చూసి ఈ రకం చైనును తయారుచేశాడు. అంతకుముందు చైన్లకు చేతి రంపం లాంటి పళ్లే ఉండేవి. ఎర్రముక్కు పురుగు పిల్ల కొబ్బరి మానులో చేసే పని చూసిన మన రైతుకు ఆయన గమనింపు ఎంత గొప్పదో విడిగా చెప్పక్కర్లేదు. మీరు ఆకురాయి పట్టినప్పుడల్లా ఆ రెండు దవడలనూ సమానంగా ఉంచుతున్నారని గుర్తుపెట్టుకోండి.

రాయడం

ముందుగా మొత్తం చైను తిప్పి చూసి, అన్నిటికన్నా పొట్టిగా, ఎక్కువ దెబ్బతిని ఉన్న పన్నును వెతకండి. మార్కర్‌తో గుర్తు పెట్టండి. అక్కడి నుంచే మొదలు.

మిషను వెనక నిలబడి బార్ ముక్కు వైపు చూస్తున్నారనుకోండి. ఎడమ పళ్లు రాయాలంటే బార్‌కు కుడి పక్కకు వచ్చి, లోపలి నుంచి బయటికి, అంటే ఎడమకు తోయాలి. పిడి ఇంజిన్ వైపు, ఆకురాయి కొస బార్ ముక్కు వైపు వాలి ఉండాలి. ఎక్కువ చైన్లకు ఈ వాలు 30 డిగ్రీలు. బార్‌కు సరిగ్గా అడ్డంగా పెట్టిన ఆకురాయిని 30 డిగ్రీలు తిప్పడమన్నమాట. అంటే బార్‌కూ ఆకురాయికీ మధ్య 60 డిగ్రీలు మిగులుతుంది. చాలా చైన్లలో పంటి పై రేకు వెనక ఇదే వాలులో సన్నని గీత ఉంటుంది, ఆకురాయిని దానికి సమాంతరంగా పెడితే సరి. గీత కనిపించకపోతే పిల్లల జామెట్రీ బాక్సులోని మూలమట్టంతో అట్టముక్క మీద ఆ కోణం గీసుకుని బార్ పక్కన పెట్టుకోండి. పది చైన్లు రాశాక అట్ట అవసరం ఉండదు.

ఎత్తు విషయంలో చాలామంది తప్పు చేస్తారు కాబట్టి నిదానంగా చదవండి. ఆకురాయి లావులో ఐదో వంతు పంటి పై రేకు కన్నా పైకి కనిపించాలి. 4.8 మిల్లీమీటర్ల ఆకురాయికి అది సుమారు 1 మిల్లీమీటరు. అంతకన్నా కిందికి దిగితే పన్ను కొక్కెంలా తయారవుతుంది. మొదటి రెండు కోతల్లో దూకుడుగా కొరుకుతుంది, కొస పలచనై త్వరగా విరుగుతుంది. పైకి లేస్తే అంచు వాలిపోయి కర్ర మీద జారుతుంది, ఎంత రాసినా కోయదు. చైను పెట్టె మీద వేరేగా చెప్పకపోతే ఆకురాయిని నేలకు సమాంతరంగానే ఉంచండి.

ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని, ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో కొస, బయటికి ఒక్క నిండు తోపు. పంటి లోపలికి, కొంచెం పైకి ఒత్తిడి ఉండాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పూర్తిగా ఎత్తండి. వెనక్కి ఈడిస్తే ఆకురాయి గరుకే పోతుంది, ముందు వెనక ఊపుడు రంపం లాగే వాళ్లకు గాని దీనికి కాదు. సరైన తోపుకు చర్రుమని ఒకే శబ్దం వస్తుంది, సన్నని ఉక్కు రజను పంటి బయట రాలుతుంది. కీచుమని జారితే ఒత్తిడి సరిగ్గా లేదు, లేదా ఆకురాయి అరిగింది. మామూలుగా మొద్దుబారిన పంటికి మూడు నాలుగు తోపులు చాలు. రెండు మూడు పళ్లకొకసారి ఆకురాయిని వేళ్ల మధ్య కొంచెం తిప్పి, కర్ర మీద తట్టి రజను దులపండి. అప్పుడే చుట్టూ సమానంగా అరుగుతుంది.

ఎడమ పళ్లన్నీ అయ్యేదాకా చైనును ముందుకు లాగుతూ, ఒకటి విడిచి ఒకటి రాస్తూ పొండి. రాసేటప్పుడు చైన్ బ్రేక్ వేయండి, జరపాలంటే తీయండి. 76 డ్రైవ్ లింకుల (బార్ గాడిలో దిగి నడిచే లింకులు) చైనుకు 38 పళ్లు, పక్కకు 19. మళ్లీ మార్కర్ గుర్తు దగ్గరకొస్తే ఒక పక్క అయిపోయింది. అప్పుడు మీరు అటు పక్కకు వెళ్లి కుడి పళ్లు అదే లెక్కన రాయండి.

ఇక్కడే బాబాయి మాట గుర్తుంచుకోవాలి. కుడిచేతి వాటం వాళ్లకు ఒక పక్క తోపు బలంగా, రెండో పక్క నీరసంగా పడుతుంది. తోపులు సమానంగా లెక్కపెట్టినా పళ్లు సమానంగా అరగవు. ఒక పక్క పళ్లు పొడుగై, పదునెక్కువైతే కోత నిటారుగా దిగకుండా అర్ధచంద్రంలా పక్కకు వంగిపోతుంది, బార్ మొద్దులో ఇరుక్కుంటుంది. దీనికి నేను వాడే కొలబద్ద కొబ్బరి ఈనె. పొట్టి పంటి పై రేకు పొడవుకు సరిగ్గా ఈనె ముక్కను బ్లేడుతో తెంపుతాను. దాన్ని ప్రతి పంటి మీదా పెట్టి చూస్తాను. ఈనె దాటి పన్ను బయటికి కనిపిస్తే ఇంకో తోపు. అన్ని పళ్లూ ఈనెకు సరిపోయిన రోజు చైను కర్రలోకి దిగే తీరే వేరుగా ఉంటుంది.

మేకు తగిలిన చైను సంగతి వేరు. మా దొడ్లో మామిడి కొమ్మకు ఎప్పుడో ఊయల కోసం కొట్టిన మేకు కర్రలో పూడిపోయి, కోస్తుంటే తగిలింది. మూడు పళ్ల మూలలు ఎగిరిపోయాయి. అలాంటప్పుడు ఆ మూడింటి కోసం మిగతా 35 పళ్లనూ అరగదీయకండి. వాటిని మిగతావాటితోపాటే రాస్తూ పొండి, నాలుగైదు విడతల్లో అవే మళ్లీ దారికొస్తాయి. అన్ని పళ్లూ దెబ్బతింటే మాత్రం ఓపికగా అన్నిటినీ ఒకే పొడవుకు తేవాల్సిందే, ఒక పూట పడుతుంది.

పన్ను ముందున్న బుడిపె

ప్రతి పంటి ముందు షార్క్ రెక్కలా చిన్న బుడిపె ఉంటుంది, డెప్త్ గేజ్ అంటారు. పన్ను ఒక్కసారికి ఎంత లోతు కొరకాలో అదే నిర్ణయిస్తుంది. పన్నును వెనక్కి రాస్తున్నకొద్దీ దాని ఎత్తు కూడా తగ్గుతుంది, బుడిపె మాత్రం అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు పళ్లు అద్దంలా పదునుగా ఉన్నా చైను కోయదు. మిషను అరుస్తుంది, పిండి రాలుతుంది. కారణం ఇదే.

మూడు నాలుగు సార్లు పదును పెట్టాక ఒకసారి చూసుకోండి. పక్కపక్క రెండు పళ్ల మీదుగా నిటారైన చిన్న ఉక్కు స్కేలు పెడితే, బుడిపెకూ స్కేలుకూ మధ్య సందు కనిపిస్తుంది. మనం వాడే చైన్లలో ఎక్కువవాటికి ఆ సందు 0.65 మిల్లీమీటర్లు ఉండాలి. దీనికోసం అచ్చు పలకలు దొరుకుతాయి, కొనుక్కోవడమే మంచిది. అచ్చును పళ్ల మీద పెట్టి, దాని సందులోంచి బుడిపె పైకి పొడుచుకొచ్చినంత మేర పలక ఆకురాయితో రాసి, ముందు మూలను మళ్లీ గుండ్రంగా చేయండి. సందు మరీ పెరిగిపోయిందేమోనని చూసుకోవడానికి పాత ఏటీఎం కార్డు పనికొస్తుంది, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డు ఆ సందులో దూరిందంటే ఎక్కువ అరగదీశారు. ఆ చైను కర్రను గుద్దుకుంటూ లాగుతుంది, ముక్కు దగ్గర తగిలితే మిషను మొహం మీదికి లేస్తుంది. ఈ ఒక్క చోట మాత్రం చేయి ఆపి ఆపి రాయండి. తీసిన ఉక్కును తిరిగి పెట్టలేం.

కోసి చూడటం, ఆ తర్వాత

చైనును తుడిచి, బిగింపు సరిచేసి, నూనె వేసి, ప్లగ్గు క్యాప్ పెట్టండి. ఎండు మామిడి దుంగ మీద, నొక్కకుండా, మిషను బరువుకే వదిలి చూడండి. పేళ్లు రాలుతూ నిటారుగా దిగితే బాగుంది. పక్కకు వంగితే రెండు పక్కల పళ్లనూ ఈనెతో మళ్లీ కొలవండి. పళ్లన్నీ సమానంగా ఉండి కూడా వంగుతుంటే బార్ పట్టాలు ఒక పక్క అరిగి ఉంటాయి.

మొద్దుబారేదాకా ఆగకపోవడం నేను ఆలస్యంగా నేర్చుకున్న విషయం. ఇప్పుడు ట్యాంకులో పెట్రోలు పోసిన ప్రతిసారీ కూర్చుని పంటికి రెండు తోపులు రాస్తాను. పది పదిహేను నిమిషాలు, ఆ వంకన నడుముకు విశ్రాంతి. సాయంత్రం దాకా చైను ఒకేలా కోస్తుంది.

ఆకురాయికి నూనె రాయకండి, జారుతుంది. మన ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పొడి గుడ్డలో చుట్టి, రెండు ఆకురాళ్లు ఒకదానికొకటి రాసుకోకుండా పాత పీవీసీ పైపు ముక్కలో వేరువేరుగా పెట్టుకోండి. రాస్తుంటే కొరకకుండా మెరుగు పెడుతున్నట్టు అనిపిస్తే దాన్ని పక్కన పడేయండి, కొత్తది కొనండి.

పంటి వెనక ఉన్న గీత దాకా పన్ను అరిగిపోతే ఆ చైను ఆయుష్షు తీరింది, ఇక కోయకండి, పళ్లు విరిగి ఎగురుతాయి. ఆ గీతకు ఇంకా నాలుగైదు సార్లు రాసేంత దూరం ఉండగానే కొత్త చైను కొనిపెట్టుకుని, పాతదాన్ని మొదళ్లు, వేళ్లు, ఒండ్రు పట్టిన మానులు కోయడానికి విడిగా ఉంచండి. కొత్త చైనును మాత్రం శుభ్రమైన కర్రకే ఎక్కించండి.